ధర తేలేది అక్కడ.. ఊరు తెలిసేది ఇక్కడ
జాతీయ, జిల్లా నాణేల ప్రదర్శనల తీరుతెన్నులు

బెంగళూరు, ముంబయి, పుణె వంటి నగరాల్లో జరిగే జాతీయ స్థాయి నాణేల ప్రదర్శనకు వెళ్లాలా? జిల్లా కేంద్రంలో ఏ గ్రంథాలయంలోనో, కల్యాణ మండపంలోనో ఏర్పాటయ్యే చిన్న ప్రదర్శన చాలా? నాణేల సేకరణకు పూనుకున్న వారికి ఎదురయ్యే ఈ ప్రశ్న కేవలం దారి ఖర్చుల లెక్కతో తేలేది కాదు.

పెద్ద ప్రదర్శనలో గుప్తుల దీనారాలు, విజయనగర వరాహాలు, మొగలుల మొహర్లు ఒకేచోట కనిపిస్తాయి. నిజాముల చార్మినార్ రూపాయి ఒక బల్లపై అరిగిపోయి, పక్క బల్లపై టంకశాల నుంచి అప్పుడే వచ్చినట్లు మెరుస్తూ ఉంటుంది. రెండింటి ధరలోనూ అంత తేడా ఎందుకో అక్కడ కళ్లారా చూసి నేర్చుకోవచ్చు. వేలం పుస్తకంలో బరువు, లోహం, ఛాయాచిత్రం సహా వివరాలుంటాయి. అయితే పాడుకున్న ధరపై వేలం సంస్థ రుసుము, జీఎస్టీ అదనం. ఆ సంగతి చెయ్యెత్తిన తర్వాత గుర్తొస్తే ప్రయోజనం లేదు.

ఇన్ని తెలిసే చోట తెలియనిది ఒక్కటే.. నాణెం ఎక్కడ దొరికిందన్నది. పూర్వపు కరీంనగర్ జిల్లాలోని కోటిలింగాలలో సిముకుడి నాణేలతో పాటు గోబద, నారన, సమగోప వంటి స్థానిక పాలకుల నాణేలూ లభించాయి. పి.వి.పరబ్రహ్మశాస్త్రి వంటి పరిశోధకులు వాటిని పరిశీలించిన మీదట శాతవాహనుల తొలినాళ్లకు గోదావరి తీరంతో గల సంబంధంపై చర్చ బలపడింది. దొరికిన చోటు తెలియకుంటే ఆ చర్చకు ఆధారమే లేదు. అదే నాణెం నగరంలోని బల్లపై ‘దక్కన్, సీసం’ అన్న చీటీతో ఉంటే ధర పలుకుతుందేమో గానీ చరిత్ర పలకదు.

జిల్లా ప్రదర్శనకు వచ్చేవారు పెట్టె అడుగున దాచిన డబ్బుల సంచితో పాటు ఆ సంచి కథనూ తెస్తారు. ఆ కథను రాసి పెట్టుకునేవారు ఉండాలి. మోసానికి ఆస్కారమూ ఇక్కడే అధికం. సీతారాముల బొమ్మతో 1818 అని ఉన్న ‘ఈస్టిండియా కంపెనీ’ బిళ్లలను కంపెనీ ముద్రించనే లేదు. అయినా అమ్ముడుపోతూనే ఉన్నాయి. 2012లో విడుదలైన వైష్ణోదేవి అయిదు రూపాయల నాణేనికి లక్షలొస్తాయన్న వదంతిదీ ఇదే తీరు. పాత నాణేల కొనుగోలు పేరిట తన పేరును వాడుకుంటున్న మోసగాళ్లపై రిజర్వు బ్యాంకు 2021లో హెచ్చరిక జారీ చేయాల్సి వచ్చింది. విక్టోరియా రూపాయి 11.66 గ్రాములు తూగాలి. దాన్ని తూచి చూపేందుకు చిన్న త్రాసు చాలు. అదైనా ఎన్ని ప్రదర్శనల్లో కనిపిస్తోంది?

మరో చిక్కు ఉంది. నేలలో దొరికిన నిధిని అధికారులకు తెలియజేయాలన్నది చట్టం. నూరేళ్లు దాటిన నాణేలు 1972 నాటి పురావస్తు చట్టం పరిధిలోకి వస్తాయి. వాటితో వ్యాపారానికి లైసెన్సు తప్పనిసరి. మట్టి వదలని నాణేలు బల్ల మీదికొస్తే నిర్వాహకులు చూసీచూడనట్లు ఊరుకోవడం తగదు. పురావస్తు శాఖ నుంచి ఒక్క ఉద్యోగి త్రాసుతో, నమోదు పుస్తకంతో రోజంతా కూర్చుంటే సగం సమస్య తీరుతుంది.

కొత్తవారు రెండు మూడు జిల్లా ప్రదర్శనలు చూసి, ఏ కాలపు నాణేలు సేకరించాలో తేల్చుకున్న తర్వాతే బెంగళూరు రైలెక్కడం మేలు. తాతల నాటి నాణేలు అమ్మదలచిన వారు మాత్రం ముందుగా పెద్ద ప్రదర్శనకే వెళ్లాలి. కొనేవారు ఒక్కరే ఉన్నచోట ఆయన చెప్పిందే ధర.