కొండకోతకు ఆకాశపు కొలబద్ద

అత్తిలి పొలిమేరలో నిలిచి చూస్తే వరిచేలు, కాలువలు, కొబ్బరిచెట్లు కనిపిస్తాయే గాని కొండ కనిపించదు. అటువంటి సీమవారు కొండవాలుల కోతను గూర్చి చింతించడం దేనికని ఎవరికైనా అనిపించవచ్చు. కాని ఈ చేలలోని ఒండ్రు ఇక్కడ పుట్టినది కాదు. గోదావరి ఎగువ నేలలను ఒరుసుకొని యుగయుగాలుగా తెచ్చి పరచినది. ఎగువ కోతే దిగువన మాగాణి అయింది. కాబట్టి కొండతో తనకు సంబంధం లేదనే హక్కు డెల్టావాసికి లేదు.

అయితే ప్రకృతి నెమ్మదిగా చేసే కోత వేరు, మనిషి తొందరపెట్టిన కోత వేరు. చెట్టూచేమా ఉన్న వాలుపై వాననీరు వేళ్ళ వెంట నేలలోకి ఇంకుతుంది. అడవిని నరికి, వాలు వెంబడి నిలువుగా దున్నిన చోట అది ఇంకక పరుగుతీస్తుంది. మొదట పైపొర పలుచగా కొట్టుకొనిపోతుంది. తరువాత సన్నని చాళ్ళు ఏర్పడతాయి. చివరకు నాగలితో పూడ్చలేనంత లోతైన గండ్లు పడతాయి.

ఆ మట్టి ఎక్కడికి పోతుంది? తమ్మిలేరు, బుడమేరు వంటి ఏరులు తెచ్చిన ఒండ్రు కొల్లేటిని చేరుతుంది. కొల్లేటి నీరు సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కింది. 2006లో సరస్సులోని చేపలచెరువుల గట్లను పెద్దఎత్తున తొలగించారు. అది అవసరమైన పనే. కాని గట్లు తీసినంత మాత్రాన పైనుంచి వచ్చే మట్టి ఆగదు. సరస్సు పూడినకొద్దీ వరదకు చోటు తగ్గుతుంది. ఆ భారం చుట్టుపక్కల లంక గ్రామాలపై పడుతుంది.

కోతను ఆపాలంటే ముందుగా కొలవాలి. వంద మీటర్ల పొడవు, సగటున రెండు మీటర్ల వెడల్పు, ఒక మీటరు లోతు గల ఒక్క గండి నుండి పోయిన మట్టి రెండువందల ఘనపు మీటర్లు. ఇటువంటి గండ్లన్నిటినీ టేపు పట్టి కొలవడం మనుషుల వల్ల అయ్యే పని కాదు. ఇక్కడే ఉపగ్రహం అక్కరకు వస్తుంది. 2005లో ఇస్రో ప్రయోగించిన కార్టోశాట్-1 రెండు కెమెరాలతో ఒకే చోటును రెండు కోణాలనుండి చిత్రించింది. మన రెండు కళ్ళు దూరాన్ని పసిగట్టినట్లే ఆ జంట చిత్రాలు నేల ఎత్తుపల్లాలను తెలిపాయి. దాని చూపు రెండున్నర మీటర్ల వరకే. 2019లో ఎగసిన కార్టోశాట్-3 చూపు ముప్పై సెంటీమీటర్ల కన్న సూక్ష్మమైనది. వానాకాలానికి ముందొకసారి, తరువాత ఒకసారి తీసిన చిత్రాలను పోల్చితే ఏ గండి ఎంత పెరిగిందో తెలుస్తుంది.

గండి రైతుకు కనిపిస్తూనే ఉంది గదా, కొలిచి సాధించేదేమిటని కొందరంటారు. ఉన్న గండి కంటికి కనిపిస్తుంది. దాని వేగం కనిపించదు. నిధులు కొద్ది, గండ్లు అనేకం. ఏది వేగంగా పైకి పాకుతున్నదో తెలిస్తేనే మొదటి రాతికట్ట ఎక్కడ వేయాలో, మొక్కలు ఎక్కడ నాటాలో నిర్ణయించగలం. లెక్క లేని చోట పలుకుబడి గలవారి పొలమే ముందుగా బాగుపడుతుంది.

అలాగని ఆకాశపు చూపునే నమ్ముకోరాదు. మబ్బు కమ్మితే కెమెరా చూడలేదు. దట్టమైన చెట్ల నీడలో లోతు తెలియదు. నేలపై నిలిచి సరిచూచే మనిషి కావాలి. ప్రతి గండినీ పూడ్చాలనడమూ పొరపాటే. భీమునిపట్నం దగ్గరి ఎర్రమట్టి దిబ్బలలో వాననీరు చెక్కిన గండ్లు భూమి చరిత్రను చెప్పే సంపద, వాటిని కాపాడుకోవాలి.

తమ్మిలేరు, బుడమేరుల ఎగువ వాలులను ఏటేటా కొలిచి, ఆ లెక్కలను తెలుగులో, పటాలతో సహా గ్రామపంచాయతీలకు అందించాలని నా అభిప్రాయం. వాటిని నేలమీద సరిచూచే పనిలో జూనియర్ కళాశాలల విద్యార్థులు పాలుపంచుకోవాలి. కొండమీది మట్టిని కొండమీదనే నిలపడానికయ్యే ఖర్చుకన్న, సరస్సులో చేరినదాన్ని తోడిపోయడానికయ్యే ఖర్చు ఎక్కువ. ఎగువ రైతు నేల నిలిస్తేనే దిగువవారి కొల్లేరు నిలుస్తుంది.