కూడో విద్య

పొరుగుపిల్ల నేర్చుచున్నదని మా చిన్నమ్మాయి తానును ‘కూడో’ నేర్తునని పట్టుపట్టినది. 1981లో జపానునందలి సెండాయి నగరమున అజుమా తకాషి యను కరాటే గురువు గుద్దులను, తన్నులను జూడో పట్లతోఁ గలిపి యీ విద్యకు మొదలిడెను. శూన్యమార్గమని పేరునకర్థము. పోటీలలో పొడవు సెంటీమీటర్లను, బరువు కిలోలను గూడి, వచ్చిన యంకెనుబట్టి తరగతు లేర్పఱుతురు; 150యును 45యునైనచో 195. ఈ లెక్క మాకు నచ్చినది. పొడుగు చేయి దూరమున కందును గదా! అయితే మొగముపైఁ గొట్టుట యిందుఁ జెల్లును. ముందు అద్దమువంటి కవచముగల శిరస్త్రాణము గాయమును దప్పించును గాని తలకుఁ దగులు కుదుపును బూర్తిగాఁ దప్పింపఁజాలదు. మా యత్తగారు మచ్చలకు వెఱతురు. మేము కుదుపునకు వెఱతుము. ఇంకను సమ్మతింపలేదు. నిన్న మా చిన్నది పొరుగుపిల్ల శిరస్త్రాణమును దెచ్చి ధరించి, వంటయింటి గుమ్మమున నిలిచినది.