రెండు చిత్రాలు – ఒకే బరి

యుద్ధకళకు రెండు ముఖాలున్నాయి. ప్రత్యర్థిని పడగొట్టగల బలం మొదటిది. తనను తాను అదుపులో ఉంచుకొనే నిగ్రహం రెండవది. బలం కంటికి కనబడుతుంది కనుక చలనచిత్రం దానిని సులభంగా చూపగలదు. నిగ్రహం మనస్సులో జరిగే పని కనుక దానిని చూపడం కష్టం. కిక్ బాక్సింగ్‌ను కథావస్తువుగా తీసికొని తెలుగువారి ఆదరణ పొందిన చిత్రాలలో 'తమ్ముడు' (1999), 'అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి' (2003) ముఖ్యమైనవి. మొదటిదానికి దర్శకుడు పి.ఎ. అరుణ్ ప్రసాద్, కథానాయకుడు పవన్ కల్యాణ్. రెండవదానికి దర్శకుడు పూరి జగన్నాథ్, కథానాయకుడు రవితేజ. 'తమ్ముడు' చిత్రాన్ని 2001లో 'యువరాజ' పేరుతో కన్నడంలో తీసినవారు కూడా పూరి జగన్నాథే. కనుక ఈ రెండు చిత్రాలను పక్కపక్కన నిలిపి చూడడం ఉచితమే.

ఇవి వెలువడిన కాలాన్ని ముందుగా గుర్తుంచుకోవాలి. 1999లో 'సమరసింహా రెడ్డి', 2001లో 'నరసింహ నాయుడు', 2002లో 'ఇంద్ర' ఘనవిజయం సాధించాయి. తెరపై పగలు, ప్రతీకారాలు రాజ్యమేలిన రోజులవి. అటువంటి తరుణంలో ఈ రెండు చిత్రాలు కథానాయకుని కోపాన్ని వీధిలోకి గాక బరిలోకి నడిపించాయి. బరికి హద్దులుంటాయి, నియమాలుంటాయి, తీర్పరి ఉంటాడు. పడిపోయినవానిని కొట్టరాదు. పగ ఎంతటిదైనా గంట మ్రోగగానే చేతులు దించాలి. ఈ ఒక్క కారణం చేతనే ఈ చిత్రాలు నాటి ధోరణికి భిన్నంగా నిలిచాయి.

'తమ్ముడు' హిందీ చిత్రం 'జో జీతా వోహీ సికందర్' (1992) స్ఫూర్తితో రూపొందింది. హిందీలోని సైకిల్ పందెం తెలుగులో కిక్ బాక్సింగ్ పోటీగా మారింది. బాధ్యత తెలియక తిరిగే తమ్ముడు, ప్రత్యర్థుల చేతిలో గాయపడిన అన్న స్థానంలో బరిలోకి దిగుతాడు. ఇందులో కథకు ప్రాణం సాధన. చేతివేళ్ళ మీదుగా కారు పోనిచ్చుకోవడం వంటి కఠిన పరీక్షలను కథానాయకుడు స్వయంగా చేసి చూపడం ఆనాటి యువకులను ఉర్రూతలూగించింది. సోమరితనాన్ని చెమటతో కడుగుకోవచ్చునన్న సందేశం ఇందులో బలంగా ఉంది.

'అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి' కథ వేరు. ఇందులోని చందు మొదటి నుండి ఆట తెలిసినవాడే. అతనికి కొరవడినది తండ్రి ఆదరణ. తల్లి మరణానంతరం, ఏనాడో తమను విడిచి వెళ్ళిన తండ్రిని వెదుకుకుంటూ విశాఖపట్నం చేరుతాడు. ఒకనాటి విజేత అయిన ఆ తండ్రి వద్ద చిన్న చిన్న పనులు చేస్తూ, ఉపేక్షను సహిస్తూ కాలం గడుపుతాడు. కొట్టగల చేయి ఉండి కూడా కొట్టని ఆ రోజులే చిత్రంలో అసలైన పోరాటం. తండ్రి నమ్మిన శిష్యుడే ఆ కుటుంబాన్ని వంచించినప్పుడు, తనను వదలిపోయిన తండ్రి గౌరవం కోసమే చందు బరిలోకి దిగుతాడు. ప్రేమించిన అన్న కోసం పోరాడడం సహజం. అన్యాయం చేసిన తండ్రి కోసం పోరాడడానికి మాత్రం ముందుగా క్షమించడం నేర్చుకోవాలి. నిగ్రహం అనే రెండవ ముఖానికి ఈ చిత్రమే దగ్గరగా వెళ్ళిందని చెప్పవలసి ఉంటుంది.

అయినా రెండింటిలోనూ ఒక లోటు ఉంది. 'తమ్ముడు'లో కఠోర సాధన దాదాపుగా ఒక పాటలో ముగుస్తుంది. రెండవ చిత్రంలో సాధన కంటె బంధాలకే చోటెక్కువ. 1978లో హాంకాంగ్‌లో వెలువడిన 'ది థర్టీ సిక్స్త్ ఛాంబర్ ఆఫ్ షావోలిన్' చిత్రంలో అధికభాగం సాధనకే కేటాయించారు. చేతులు వంచితే గుచ్చుకొనేలా కత్తులు కట్టుకొని నీళ్ళు మోయడం వంటి పాఠాలు అందులో ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ప్రతీకారం కోరి వచ్చిన యువకుడు, చివరకు ఆ విద్యను సామాన్యులకు నేర్పాలని తలపోస్తాడు.

మన చిత్రాలలో కనబడని ఆ ఓర్పు మన నేలపై లేకపోలేదు. కోనసీమ ముఖద్వారం వంటి జొన్నాడ ఇందుకు మంచి గుర్తు. అక్కడి నుండి జాతీయ రహదారి ఒకవైపు విశాఖపట్నం దిశగా సాగుతుంది. చందు తండ్రిని వెదుకుకుంటూ చేరినది ఆ నగరానికే. మరొకవైపు గౌతమిని దాటి రావులపాలెం, కొత్తపేటల మీదుగా వెళితే అమలాపురం వస్తుంది. అక్కడ దసరా ఉత్సవాలలో 'చెడీ తాలింఖానా' అనే సంప్రదాయ యుద్ధవిద్యను వీధులలో ప్రదర్శిస్తారు. 19వ శతాబ్ది నుండి వస్తున్న ఈ విద్యలో కర్రసాము, కత్తిసాము ప్రధానమైనవి. చిన్నా పెద్దా తేడా లేకుండా పాల్గొంటారు. ఈ ప్రదర్శనలో శత్రువు లేడు, గెలుపు ఓటమి లేవు. ఎదుటివాని ఒంటికి గాయం కాకుండా కత్తి తిప్పగలగడమే అక్కడ నేర్పు.

చిత్రాలు రెండూ ఉత్తేజాన్ని ఇస్తాయి. అది తప్పు కాదు. అయితే తెరపై చివరి దెబ్బను మాత్రమే చూసి, దాని వెనుకనున్న ఓర్పును మరచినవాడు ఆవేశాన్నే నేర్చుకొంటాడు. యౌవనంలో ఆవేశం అందరికీ ఉంటుంది. దానికి బరి గీసుకొనేవాడు క్రీడాకారుడవుతాడు. గీసుకోలేనివాడు తన జీవితానికే ప్రత్యర్థిగా మిగులుతాడు. ఎప్పుడు కొట్టకూడదో తెలిసినప్పుడే కొట్టగల శక్తికి విలువ వస్తుంది.