చుక్క చెదరకుండా ఉతికేద్దామా!

మామూలు బట్ట రంగు వదిలితే పక్క బట్ట పాడవుతుంది. టై అండ్ డై బట్ట రంగు వదిలితే ముందు పాడయ్యేది అదే! ఎర్రటి బాంధనీ చున్నీ మీద తెల్ల చుక్కలు ఊరికే రాలేదు. అక్కడ రంగు అంటకూడదని గుజరాత్‌లోని కచ్, జామ్‌నగర్ వైపు మహిళలు ఒక్కో చుక్క దగ్గరా దారంతో ముడి వేస్తారు. మనం బకెట్‌లో నానబెట్టి ఫోన్ పట్టుకుని కూర్చుంటే, ఆ తెలుపంతా గులాబీ రంగుకు తిరుగుతుంది. వాళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

అసలు రంగెందుకు కారుతుంది? అద్దినప్పుడు నూలు పట్టుకున్నంత పట్టుకోగా, కొంత రంగు పైపైనే మిగిలిపోతుంది. బకెట్‌లోకి దిగేది ఆ మిగులే. దాన్ని తెలుపు మీద కూర్చోనివ్వకుండా చకచకా బయటికి పంపేయడమే మన పని.

ముందు ఓ తెల్ల గుడ్డ తడిపి, బట్ట లోపలి అంచు మీద గట్టిగా రుద్దండి. రంగు అంటిందా? అయితే దాన్ని విడిగానే ఉతకాలి. వెడల్పాటి టబ్‌లో నిండా చల్లటి నీళ్లు పోసి, కాస్త షాంపూ కలపండి. రెండు మూడు నిమిషాలు ఆడించి తీసేయండి. నానబెట్టొద్దు! నీళ్లు తేటపడేదాకా మార్చి మార్చి జాడించండి. మెలిపెట్టి పిండకుండా పాత టవల్‌లో చుట్టి నొక్కి, వెంటనే విప్పి నీడలో ఆరేయండి. తడి మడతల్లో ఉంచితే రంగు ఒక పొర నుంచి ఇంకో పొరకు పాకుతుంది.

మరి గుప్పెడు ఉప్పు? అమ్మమ్మ దగ్గర్నుంచి రీల్స్ దాకా అందరూ చెప్పే చిట్కానే. అద్దకం తొట్టిలో ఉప్పు రంగును నూలు వైపు నెడుతుంది, నిజమే. ఉతికే బకెట్‌లో మాత్రం దాన్ని శాశ్వతంగా అతికించలేదు. నూలు బట్టకి వెనిగర్‌తోనూ అంతే.

కిట్ తెచ్చి మీరే టీషర్ట్‌కి రంగులు అద్దారా? సోడా యాష్‌తో వాడే రియాక్టివ్ రంగులైతే, 12 నుంచి 24 గంటలు తడి ఆరకుండా కవర్లో ఉంచండి. రబ్బరు బ్యాండ్లు తీయకముందే కుళాయి కింద చల్లటి నీళ్లతో కడగండి. తర్వాత విప్పి జాడించి, చివర్లో వేడినీళ్లతో ఉతకండి. మిగులు రంగు బాగా వదిలేది అప్పుడే. కొన్న బట్టకి మాత్రం ఏ రంగు వాడారో మనకి తెలియదు కాబట్టి చన్నీళ్లే మేలు.

మన పోచంపల్లి ఇక్కత్‌లో నేయకముందే నూలుకి ముడులు వేసి రంగులద్దుతారు. నూలు చీరకి పైన చెప్పిన పద్ధతే. పట్టు అయితే డ్రైక్లీనింగ్‌కి ఇవ్వండి.

ఇప్పటికే రంగు అంటుకుందా? ఆరనివ్వొద్దు, ఇస్త్రీ అసలే వద్దు. తడి మీదే మళ్లీ షాంపూ నీళ్లలో ఆడించి, జాడించండి. ఎంత త్వరగా చేస్తే అంత తెలుపు దక్కుతుంది.