వేరు పెట్టెలో సమానత్వం ఉండదు

డోర్నకల్ చుట్టుపక్కల గ్రామాల్లో పొదుపు సంఘాల మీద అధ్యయనం చేస్తున్నప్పుడు ఒక సంఘం లీడరు నాతో అన్నది: ‘‘వాడోళ్ల సంఘం వాళ్లకున్నది గద మేడం. బ్యాంకు అప్పు అందరికి సమానంగనే వస్తది. ఇంక వివక్ష ఎక్కడిది?’’

డోర్నకల్ జంక్షన్‌లో బండి కోసం కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది. ఇదే తర్కం 1896లో అమెరికా సుప్రీంకోర్టు వినిపించింది. అదీ రైలు పెట్టెల గురించే.

తెల్లవారికీ నల్లవారికీ ‘సమానమైన, కానీ వేరైన’ పెట్టెలుండాలని లూసియానా రాష్ట్రం 1890లో చట్టం చేసింది. దాన్ని సవాలు చేయడానికే హోమర్ ప్లెసీ 1892లో తెల్లవారి పెట్టెలో కూర్చుని అరెస్టయ్యాడు. 1896 మే 18న ఏడుగురు న్యాయమూర్తులు చట్టాన్ని సమర్థించారు. వేరుచేయడంలో అవమానమేమీ లేదు, నల్లవారే అలా అర్థం తీసుకుంటున్నారు అన్నారు. కాదన్నది హార్లన్ ఒక్కడే. బడుల విషయంలో ఈ సిద్ధాంతం కూలడానికి 1954 దాకా పట్టింది.

ఆ చట్టంలో ఒక మినహాయింపు ఉంది. తెల్ల పిల్లల్ని చూసుకునే నల్ల ఆయా తెల్లవారి పెట్టెలో కూర్చోవచ్చు! సేవకురాలిగా వస్తే అభ్యంతరం లేదు, సాటి ప్రయాణికురాలిగా వస్తేనే నేరం. అంతకు ముందే, 1884లో, ఐడా వెల్స్ అనే నల్లజాతి ఉపాధ్యాయురాలిని లేడీస్ పెట్టెలోంచి బలవంతంగా దించేశారు. కింది కోర్టులో ఆమె గెలిస్తే, 1887లో టెనెసీ సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ‘లేడీస్’ అన్న మాటలో ఆమెకు చోటు లేదు.

మన ‘స్త్రీలు’ అన్న మాటలో ఎవరికి చోటుంది? కాన్పుకు మంత్రసానిగా, నాట్లకు కూలీగా దళిత స్త్రీ కావాలి. మీటింగులో పక్కన చాప మీద మాత్రం వద్దు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దుచేసింది. అయినా జైళ్లలో కులాన్ని బట్టి పని పంచే నిబంధనలను సుప్రీంకోర్టు కొట్టివేసింది 2024లో!

దళిత స్త్రీలు తమ సమస్యల కోసం తామే సంఘం పెట్టుకోవడం వారి హక్కు, వారి రాజకీయం. మనం వారిని దూరం పెట్టి, ఆ దూరానికి సంఘమని పేరు పెట్టడం వెలి. ఈ రెంటినీ కలగలిపి తప్పించుకోవద్దు.

స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మిత్రులారా, అప్పు లెక్కలతో పాటు ఇవి కూడా రాయండి: గ్రామ సంఘం మీటింగు ఎవరి వాకిట్లో జరుగుతోంది? ఎవరు అరుగు మీద, ఎవరు కింద కూర్చుంటున్నారు? చాయ్ ఏ గ్లాసులో ఇస్తున్నారు? జవాబులు వచ్చాక వచ్చే మీటింగు వాడలో పెట్టండి. ఎవరెవరు రారో చూద్దాం. మన పని అక్కడి నుంచే మొదలవ్వాలి.