ఫోను కంపెనీ మారిస్తే ఆకుమచ్చ కనపడుతుందా?

పోస్టు కొంచెం పొడుగుంది, ఓపిగ్గా చదవండి.

ఈమధ్య హిందూపురం, పెనుకొండ పక్క ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా ఇదే మాట. "ఫొటో మసకగా వచ్చిందన్నా, ఏమనుకోవద్దు, నాది చిన్న కంపెనీ ఫోను." ధర్మవరం పక్క కొందరైతే చెనిక్కాయ దుడ్లు చేతికి రాకముందే కంతుల మీద 30,000 రూపాయల ఫోను ఎత్తుకొచ్చినారు. పంట ఫొటోలు బాగా వస్తాయంట! నేను చెప్పేది ఒకటే. పగటి వెలుతుర్లో ఆకు ఫొటో తీయడానికి కంపెనీ పేరుతో పెద్ద పని లేదు. ఆ కంతుల దుడ్లు ఎరువుకో, డ్రిప్పు పైపులకో పెట్టుకోండి.

ఫొటోదేముందిలే అనుకోవద్దు. ఇప్పుడు మనం ఆకు కోసుకొని మందుల అంగడికి పోవడం తగ్గిపోయింది, ఫొటో పంపి మందు అడుగుతున్నాం. చెనిక్కాయలో తిక్క ఆకుమచ్చ వేరు, తుప్పు తెగులు వేరు, ఇనుము లోపం వేరు. ముందుగా వచ్చే తిక్క మచ్చకు చుట్టూ పసుపు వలయం ఉంటుంది. తుప్పయితే ఆకు అడుగున ఇటుక రంగులో సన్నని పొక్కులు. ఇనుము లోపంలో మచ్చలే ఉండవు, కొత్త ఆకులు పసుపుగా, ముదిరితే తెల్లగా పాలిపోతాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. మసక ఫొటోలో ఈ మూడూ ఒకటే పసుపు ముద్ద. అవతలాయన ఏం చేస్తాడు? దేనికైనా పనికొస్తుందని మూడు డబ్బాలు అంటగడతాడు. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి కొడితే పోయేదానికి తెగులు మందు కొట్టి కూర్చుంటాం.

ఇప్పుడు కంపెనీ సంగతి. ఫోను లోపల వెలుతురును పట్టే చిన్న బిళ్ల ఉంటుంది, దాన్ని సెన్సర్ అంటారు. పైన పేరు ఏదున్నా ఆ బిళ్ల చాలా ఫోన్లలో సోనీదో, శాంసంగ్‌దో అయి ఉంటుంది. లక్ష రూపాయల ఐఫోన్‌కు కూడా సోనీవాళ్లే ఇస్తున్నారని 2022 డిసెంబరులో ఆపిల్ పెద్దాయన టిమ్ కుక్కే చెప్పినాడు. కదిరి లేపాక్షి విత్తనం ఇద్దరు వేస్తే ఇద్దరి దిగుబడీ ఒకటే ఉంటుందా? చేసేవాణ్ణి బట్టి కదా. ఇదీ అంతే.

మెగాపిక్సెళ్ల లెక్క కూడా చూడండప్పా. 50 మెగాపిక్సెళ్లని డబ్బా మీద రాసుంటుంది, మామూలుగా తీస్తే వచ్చే ఫొటో 12 దగ్గరే. దాన్ని వాట్సాప్‌లో పంపితే అది ఇంకా పిండి 2 దగ్గరకు తెస్తుంది. ఇంక నీ ఫోనూ నా ఫోనూ ఒకటే అయిపోయె! పంపేటప్పుడు హెచ్‌డీ అని నొక్కండి, 2023 నుంచి ఉంది. లేదంటే ఫొటోను డాక్యుమెంటుగా పంపండి, తీసింది తీసినట్టే పోతుంది.

మసక రావడానికి పెద్ద కారణం మన గాలి. రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టినారా? ఆషాఢంలో ఆకు ఒక్క క్షణం నిలబడదు. ఎడమచేత్తో ఆకు కాడ పట్టుకోండి, లేదంటే ఆకు తెంపి నోటుబుక్కు అట్ట మీద పెట్టుకోండి. రెండోది, అందరూ ఫోను తీసుకెళ్లి ఆకుకు ఆనిస్తారు. మన పుస్తకం కంటికి ఆనించుకుంటే అక్షరం కనపడుతుందా? ఫోనుకూ అంతే. జానెడు దూరంలో పెట్టి, తెర మీద ఆకును ఒకసారి తాకి, అప్పుడు నొక్కండి. కావాల్సిన భాగం తర్వాత కత్తిరించుకోవచ్చు. చౌక ఫోన్లలో మ్యాక్రో అని 2 మెగాపిక్సెళ్లది ఒకటి తగిలిస్తారు, దాని జోలికి పోవద్దు.

మధ్యాహ్నం ఎండలో తీస్తే పసుపంతా తెల్లగా పేలిపోతుంది. మనిషి నీడలోనో, గొడుగు కిందనో తీయండి. అద్దం తుడవండి, మందు కొట్టిన చేత్తోనే ఫోను పట్టుకుంటాం కదా. పెళ్లి ఫొటోలకు పెట్టిన బ్యూటీ మోడ్ తీసేయండి, అది మొహం మీద మచ్చ తుడిచినట్టే ఆకు మీద మచ్చనూ తుడిచేస్తుంది! ఆకు పైభాగం ఒకటి, అడుగుభాగం ఒకటి, మొక్క మొత్తం ఒకటి, మూడూ పంపండి. మల్బరీ కొసలు ముడుచుకుంటే ముడత విప్పి తీయండి. పిండినల్లి లోపలే దాక్కోనుంటుంది.

ఖరీదైన ఫోనుకు విలువే లేదని అనడంలేదు. రాత్రిపూట చేలో పడిన అడవిపందిని తీయాలన్నా, దూరంగా ఉన్నదాన్ని దగ్గరకు లాగాలన్నా అదే గెలుస్తుంది, చేయి వణికినా కొంత కాస్తుంది. మచ్చ ఉన్న ఆకు అడవిపంది మాదిరి పరుగెత్తదు కదా.

నమ్మకం లేకుంటే ఒక పని చేద్దాం. ఒకే ఆకును ఇంట్లో ఉన్న రెండు ఫోన్లతో, నీడలో, జానెడు దూరం నుంచి తీసి కింద కామెంట్లో పెట్టండి. ఏది ఏ కంపెనీదో రాయొద్దు. ఎవరు కనుక్కుంటారో చూద్దాం.