చుక్కలు వంకర అయితే ఫొటో పనికిరాదా?

మళ్ళీ పొడుగు పోస్టే, ఓపిక పట్టాలి.

ఉగాదికి పెట్టే పిల్లల ఫొటో ప్రదర్శనలో ఈసారి ఆకాశం ఫొటోలూ ఉంటాయి కదా. చుక్కలు గుండ్రంగా లేనివి తీసుకోవద్దని కమిటీలో ఒక మాట వచ్చింది. మాకు అది సరి అనిపించలేదు.

మేము బడిలో చదివింది తమిళం. అక్కడ నక్షత్రాన్ని విణ్మీన్ అంటారు, అంటే ఆకాశపు చేప. ఇంట్లో అమ్మ మాత్రం చుక్క అనేది. దామంజోడి డాబా మీద కెమెరా పెట్టిన మొదటి రాత్రి మాకు పడినవన్నీ చేపలే, చుక్క ఒక్కటీ లేదు!

భూమి తిరుగుతోంది కాబట్టి ఆకాశం సెకనుకి 15 ఆర్క్‌సెకన్లు జరుగుతుంది. కదలని స్టాండు మీద 50 ఎం.ఎం. లెన్సుతో 10 సెకన్లు దాటితే చుక్క సాగడం కనిపిస్తుంది. మూలల్లోనే తోకలొస్తే అది లెన్సు గుణం, అపర్చరు కొంచెం మూస్తే చాలావరకు తగ్గుతుంది. ఆకాశాన్ని వెంబడించే మౌంటు కొనగలిగిన ఇంట్లో పిల్లాడికి గుండ్రటి చుక్కలొస్తాయి. అరువు కెమెరాతో తీసిన పిల్లకి రావు. రూలు పెడితే వెనక్కి పోయేది ఎవరి ఫొటో?

దిద్దుకోవచ్చు కదా అంటారు. దిద్దుకోవచ్చు. చిన్న చిన్న ఎక్స్‌పోజర్లు చాలా తీసి, సిరిల్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో చుక్కల గుండ్రదనం కొలిచి, వంకరవి తీసేసి, మిగతావి కలపాలి. ఫొటో వెలుగు పెంచితే చుక్కలు ఉబ్బుతాయి కనుక, డీకన్వల్యూషన్ అంతకుముందే చేయాలి. మోతాదు మించితే చుక్క చుట్టూ నల్ల ఉంగరం పడుతుంది. ఇంతవరకు మాకు అభ్యంతరం లేదు.

కానీ అదే సిరిల్‌లో, ఉన్న చుక్కల్ని తీసేసి అదే చోట కంప్యూటరు గీసిన గుండ్రటి చుక్కల్ని పెట్టే సదుపాయమూ ఉంది. గుండ్రంగా లేకపోతే వద్దంటే పిల్లలు దాన్నే నొక్కుతారు, ఎవరికీ చెప్పరు. మనమే నేర్పించినట్టు అవుతుంది.

రైల్వేలో గుమాస్తాగా మాకు నేర్పింది ఒకటే. రిజిస్టరులో అంకె తప్పితే గోకి చెరపకూడదు. కొట్టేసి, సరైనది రాసి, పక్కన సంతకం పెట్టాలి. దిద్దడం తప్పు కాదు, దాచడం తప్పు.

విశాఖ డాబాగార్డెన్స్‌లో సొంత వేధశాల నడిపిన అంకితం వెంకట నరసింగరావు గారు 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని గమనించారు. అలాంటి పనికి విలువంతా చూసింది చూసినట్టు రాయడంలోనే ఉంది.

అందుకని మా మాట ఇది. ఫొటోలన్నీ తీసుకుందాం. కింద చిన్న చీటీ పెడదాం: ఎన్ని సెకన్లు, ఎన్ని ఫ్రేములు, చుక్కల్ని ఏం దిద్దారు. మార్కులు ఆ చీటీ చదివాకే వేద్దాం.

కాదనేవాళ్ళు కింద రాయండి, కోపగించుకోము. ఉంటాం.